తర్వాతి షిఫ్టు మనిషి కోసం రాయించండి

సింగరేణి కాలరీస్ కంపెనీ ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ



బొగ్గుబాయిలో రాసే జాబితాల గురించి ఈ లేఖ. వాటి వల్ల ఉపయోగం ఉందా, లేదా అన్నది మన కోల్‌బెల్టులో రోజూ నలిగే ప్రశ్నే. కొత్తగా మైనింగ్ సర్దార్ సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లలు “పని కంటే రాతలే ఎక్కువైనయ్” అంటారు. పైన ఆఫీసుల్లో ఉన్నవాళ్లు ఏదైనా జరిగినప్పుడల్లా ఇంకో ఫార్మాట్ తయారుచేసి పంపిస్తారు. ఇద్దరి వైపూ కొంత న్యాయం ఉంది. నేను ఓవర్‌మెన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఆ పుస్తకాలు రాసినవాణ్ణి, నా కంటే ముందు షిఫ్టువాళ్లు రాసింది చదువుకుని లోపలికి దిగినవాణ్ణి. అన్నేళ్లలో నాకు తేటపడిన సంగతి ఒకటుంది. రాస్తున్నప్పుడు మన మనసులో ఎవరు చదువుతున్నారు అన్నదాన్ని బట్టి ఆ జాబితా పనికొస్తుందో లేదో తేలిపోతుంది. ఇంకో గంటలో ఇదే చోట నిలబడబోయే మనిషి కోసం రాస్తే ఒక రకంగా రాస్తాం. రేపు ఎంక్వయిరీ పడితే చూపించుకోవడానికి రాస్తే ఇంకో రకంగా రాస్తాం. మొదటి రకం రాత పెరగాలి, రెండో రకం తగ్గాలి. అది సర్దార్ చేతిలో ఉన్న పని కాదు, మీ చేతిలో ఉన్న పని. అందుకే మీకు రాస్తున్నాను.

బాయిలో అన్నిటికంటే పాత జాబితా ల్యాంప్ రూమ్‌లో ఉంటుంది. దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరుకో క్యాప్ ల్యాంపు. షిఫ్టు అయ్యాక ల్యాంపు మళ్లీ దాని గడిలోకి చేరాలి. గడి ఖాళీగా ఉందంటే ఆ నంబరు మనిషి ఇంకా కిందనే ఉన్నాడని. అక్షరం ముక్క రాని రోజుల్లో కూడా మా తండ్రుల తరం ఈ జాబితాను చదవగలిగింది. 1952 నాటి గనుల చట్టం ఇదే సంగతిని పుస్తకంలోకి ఎక్కించింది. ఏ క్షణాన అడిగినా, ఆ క్షణంలో భూమి లోపల ఎవరెవరున్నారో పేర్లతో సహా చూపించే రిజిస్టరు ఉండాలంది. మామూలు రోజున చూస్తే అదొక హాజరు పట్టీ. ప్రమాదం జరిగిన గంటలో దాన్ని మించిన పనిముట్టు ఇంకోటి ఉండదు.

1989 నవంబరు 13న పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ దగ్గర మహావీర్ గనిలోకి నీళ్లు తన్నుకొచ్చాయి. ఆరుగురు చనిపోయారు, 65 మంది లోపల చిక్కుబడ్డారు. పైనుంచి బోరు వేసి, ఇనుప క్యాప్సూల్‌లో జస్వంత్ సింగ్ గిల్ అనే మైనింగ్ ఇంజనీరు తానే కిందికి దిగి, ఒక్కొక్కరినీ పైకి పంపించి, అందరూ పోయాక తాను ఎక్కాడు. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా ఆయన ధైర్యాన్నే తలుచుకుంటాం, తలుచుకోవాల్సిందే. నాకు మాత్రం దానితోపాటు ఆ లెక్క కూడా గుర్తొస్తుంది. మిగిలింది 65 మంది అని తెలియకపోతే ఆఖరి మనిషి ఎవరో ఎట్లా తెలుస్తుంది? ఇక క్యాప్సూల్ దించక్కర్లేదని ఎవరు చెప్పగలరు?

కాంట్రాక్టు మనుషుల గురించి ఇక్కడే ఒక మాట. చట్టం దృష్టిలో కాంట్రాక్టరు తెచ్చిన మనిషైనా గనిలో పనిచేస్తున్న మనిషే. పర్మినెంటు వాళ్ల పేర్లు ఒకచోట, కాంట్రాక్టరు దగ్గర ఇంకో కాగితం, వచ్చి పోయే మెకానిక్కుల పేర్లు ఎవరి జేబులోనో ఉంటే ఆపద గంటలో ఆ మూడూ ఒకచోటికి చేరవు. పైన మట్టి తీసే ఓబీ పనుల్లోనైనా, భూగర్భంలోనైనా ఒకే పట్టీ, ఒకే లెక్క, ఒకే చోట ఉండేలా చూడండి.

ఇక షిఫ్టు పుస్తకం. షిఫ్టు మొదలయ్యే ముందు రెండు గంటల లోపల బాధ్యత ఉన్న మనిషి తన డిస్ట్రిక్ట్, అంటే గనిలో తనకు అప్పగించిన భాగం, అంతా తిరిగి చూడాలి. రూఫ్ ఎట్లా ఉంది, సైడ్లు ఎట్లా ఉన్నాయి, గ్యాస్ ఏమైనా ఉందా, గాలి సరిగ్గా తిరుగుతోందా అన్నవి చూసి, చూసింది పుస్తకంలో ఎక్కించి సంతకం పెట్టాలి. అది కుట్టిన పుస్తకం అయ్యుండాలని, పేజీలకు నంబర్లు ఉండాలని కూడా నిబంధన. నడుమ ఒక పేజీ చింపితే తెలిసిపోవాలని ఆ ఏర్పాటు. దాని వెనక ఉన్న ఆలోచన నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. ఎవరో పూర్వీకుడు, నిన్నటి మాట ఈ రోజు మాయం కాకూడదని పట్టుబట్టాడు.

అయితే ఆ పేజీలో ఏం రాస్తామన్నది వేరే సంగతి. “అంతా బాగానే ఉంది” అని రాసి సంతకం పెడితే నిబంధన ప్రకారం తప్పు పట్టేది ఏమీ లేదు. దాన్ని చదివి లోపలికి పోయేవాడికి మాత్రం కొత్తగా తెలిసేది కూడా ఏమీ లేదు. అదే “మూడో లెవెల్‌లో జంక్షన్ దాటాక ఎడమ పక్క రూఫ్ డొల్లగా పలుకుతోంది, రెండు బోల్టులు వేశాం, ఇంకో రెండు పడాలి, అప్పటిదాకా అక్కడ మనిషిని నిలబెట్టొద్దు” అని రాసి ఉంటే, చదివినవాడి కాళ్లు అక్కడికి పోయేసరికి వాటంతటవే ఆగుతాయి. రెండూ ఒకే గడిలో పట్టే రాతలే. మొదటిది రాయడానికి లోపలికి దిగకపోయినా సరిపోతుంది. రెండోది రాయాలంటే దిగాలి, కర్రతో రూఫ్ కొట్టి వినాలి.

మిస్‌ఫైర్ సంగతి చెబితే ఈ మాట ఇంకా సూటిగా అర్థమవుతుంది. ఫేస్‌లో హోల్స్ వేసి, మందు నింపి, షాట్‌ఫైరర్ పేలుస్తాడు. నింపిన హోల్స్ అన్నీ పేలాలని లేదు. ఒకటి పేలకుండా రాతిలోనే ఉండిపోవచ్చు. నిబంధనల ప్రకారం ఆగాల్సినంతసేపు ఆగాలి, చూడాలి, దాని సంగతి తేల్చాలి. తేలకముందే షిఫ్టు అయిపోతే వచ్చేవాడికి చెప్పాలి, పుస్తకంలో రాయాలి, ఆ చోటు గుర్తు పెట్టాలి. ఈ ఒక్క వాక్యం రాయకపోతే ఏమవుతుందో బాయి మనిషికి చెప్పనక్కర్లేదు. మీ ఆఫీసు బయట ఉన్న పాఠకుల కోసం చెబుతున్నాను. తర్వాతి షిఫ్టులో డ్రిల్లర్ తెలియక అదే చోట, లేదా దాని పక్కన బిట్ పెడతాడు. ఎన్ని నింపాం, ఎన్ని పేలాయి, ఎన్ని మిగిలాయి అన్నది మూడు అంకెల లెక్క. ఆ మూడు అంకెల మీద ఒక ఇల్లు నిలబడి ఉంటుంది. అందుకే ఈ లెక్కను మొక్కుబడి కానివ్వని షాట్‌ఫైరర్లే మన బాయిల్లో ఎక్కువ. రాస్తున్నప్పుడు వాళ్లకు ఎదురుగా ఆ డ్రిల్లర్ ముఖం కనిపిస్తుంది.

“ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి చిట్టీ ఎందుకు?” అని అడిగేవాళ్లు ఉన్నారు. తక్కువ చేసి చూడాల్సిన ప్రశ్న కాదు. పాత టింబర్‌మన్లు చెవితో పని చేసేవాళ్లు. కర్ర దిమ్మ మీద బరువు పడితే పగిలే ముందు కిర్రుమంటుంది, మనిషికి పక్కకు జరగడానికి నాలుగు క్షణాలు ఇస్తుంది. రూఫ్‌ను తట్టి, ఆ చప్పుడులో గట్టిదేదో, విడిపోయిందేదో చెప్పగలిగిన పెద్దమనుషుల కింద పని నేర్చుకున్నాను. ఏ ఫార్మాట్‌లోనూ ఆ చెవిని రాయలేం. కానీ అంత గొప్ప చెవి కూడా నైట్ షిఫ్టులో తెల్లవారుజామున అలిసిపోతుంది. పైగా మనిషి అరుదైన పనిని మరిచిపోడు, జాగ్రత్తగా చేస్తాడు. రోజూ చేసే పనినే మరిచిపోతాడు, చేశాననే అనుకుంటాడు. జాబితా చేసే పని, ఆ చెవిని ఇవాళ కూడా వాడమని అడగడం. అంతకంటే ఎక్కువ దాని మీద మోపకూడదు, అంతకంటే తక్కువగా దాన్ని చూడకూడదు.

ఈ సంగతి ప్రపంచం ఒక విమానం కూలినప్పుడు నేర్చుకుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బోయింగ్ కంపెనీ కొత్త విమానం మోడల్ 299 పరీక్ష కోసం లేచి, లేచిన కాసేపటికే పడిపోయింది. నడిపింది సైన్యంలో విమాన పరీక్షలకు పెద్దగా ఉన్న పైలట్. నేల మీద ఉన్నప్పుడు గాలికి కదలకుండా తోక భాగాలకు వేసిన తాళం ఎగిరే ముందు తీయలేదు, కారణం అంతే. ఆయనతో కలిపి ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత పైలట్లు ఇంకా ఎక్కువ శిక్షణ కావాలని కూర్చోలేదు. ఎగిరే ముందు, ఎగిరాక, దిగే ముందు చూడాల్సినవి ఒక చిన్న కాగితం మీద రాసుకున్నారు. ఇప్పుడు ఎంత అనుభవం ఉన్న పైలట్ అయినా అది చదవకుండా బండి కదిలించడు. దానివల్ల అతని గౌరవం తగ్గిందని ఎవరూ అనరు.

ఆస్పత్రుల కథ మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల జాబితా ఒకటి తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కత్తి పెట్టే ముందు ఒకసారి, రోగిని బయటికి తీసుకుపోయే ముందు ఒకసారి ఆగి, పైకి చదువుతూ చూసుకోవాలి. థియేటర్‌లో ఉన్న ప్రతివాళ్లూ తమ పేరు, తాము చేసే పని చెప్పుకోవడం కూడా అందులో ఉంది. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితం చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఆస్పత్రిలో చనిపోయేవాళ్లు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గారు. అదే జాబితాను కెనడాలోని ఒంటారియోలో అన్ని ఆస్పత్రులూ అమలు చేయాల్సిందేనన్నారు. 101 ఆస్పత్రుల లెక్కలు తీసి 2014లో చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. కాగితం రెండు చోట్లా ఒకటే. ఎందుకు తేడా వచ్చిందన్న దాని మీద డాక్టర్లు ఇప్పటికీ వాదించుకుంటారు. బాయిలో బతికినవాడిగా నాకు తోచేది చెబుతాను. ఒకచోట మనుషులు ఆగి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని చదివి ఉంటారు. ఇంకోచోట పైనుంచి ఆర్డరు వచ్చింది కాబట్టి గడులు నింపి ఉంటారు. గడులు నింపడం ఎంత తేలికో మనందరికీ తెలుసు. ఏ గనిలోనైనా, ఏ ఆస్పత్రిలోనైనా, ఏ స్కూల్లోనైనా ఒక్క కుర్చీలో కూర్చుని ఒకే పెన్నుతో నెల రోజుల పట్టీ నింపేయొచ్చు. అట్లాంటి పట్టీ లేకపోవడమే నయం, ఎందుకంటే అది లేని భద్రతను ఉన్నట్టు చూపిస్తుంది.

ఎందుకట్లా నింపుతారు? బద్ధకం వల్ల అని తేల్చేయడం అన్యాయం. ప్రమాదం జరిగితే అందరికంటే ముందు స్వాధీనం చేసుకునేది పుస్తకాలనే. అది సరైన పద్ధతే. కానీ దాని నీడ ప్రతి రోజూ రాసే రాత మీద పడుతుంది. రూఫ్ బాగాలేదని రాస్తే, “మరి తెలిసీ పని ఎందుకు చేయించావు?” అంటారు. రాయకపోతే, “ఎందుకు చూడలేదు?” అంటారు. ఈ రెండిటి నడుమ నలిగే మనిషి ఎటూ దొరకని మాటలు వెతుక్కుంటాడు. పై నుంచి కూడా ప్రతి ప్రమాదం తర్వాత జాబితాకు నాలుగు కొత్త వరుసలు చేరతాయి. పాత వరుసలు పోవు. ఏళ్లు గడిచేసరికి అది ఎవరూ మొత్తం చదవలేనంత పొడుగవుతుంది. అరవై వరుసల్లో ప్రాణం మీదికొచ్చే ఐదు వరుసలు ఎక్కడున్నాయో కనిపించకుండా పోతాయి.

విమానాలవాళ్లు ఈ భయానికి కూడా ఒక దారి కనిపెట్టారు. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తాము చూసిన ప్రమాదపు సందర్భాలను నాసాకు రాసి పంపే ఏర్పాటు ఉంది. పేరు గుట్టుగా ఉంచుతారు, నిజాయితీగా రాసినవాడిని ఆ రాత పట్టుకుని శిక్షించరు. విచారణ జరిపేవాళ్లు వేరు, ఈ రాతలు చదివేవాళ్లు వేరు. మన బాయిల్లో ఇట్లాంటి భరోసా మీ సంతకంతో రావాలి. ఉన్న ప్రమాదాన్ని ఉన్నట్టు రాసిన సర్దార్‌కు, “ఇక్కడ పని ఆపాను” అని రాసిన ఓవర్‌మెన్‌కు ఆ షిఫ్టు బొగ్గు తక్కువ వచ్చినా కంపెనీ అండగా ఉంటుందని మీరు చెబితే, పుస్తకంలో రాత మారుతుంది.

గోదావరిఖనికి ఇది పుస్తకంలో చదివిన పాఠం కాదు. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో రూఫ్ కూలి 10 మంది పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో రూఫ్ పడి ముగ్గురు చనిపోతే, అందులో భద్రత చూసే అధికారి కూడా ఉన్నారు. ఆ ప్రమాదాల్లో ఎవరిది ఎంత బాధ్యత అని చెప్పడానికి నేను ఎవర్నీ కాను, ఈ లేఖ దానికోసం కాదు. ఆ ఇళ్లు ఇంకా మా కాలనీల్లోనే ఉన్నాయి. భద్రత గురించి రాసే ఏ వరుసనైనా ఆ ఇళ్లవాళ్లు చదువుతారనుకుని రాయాలి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో రకం జాబితా సంగతి చెప్పాలి. పాత పనుల్లో నీళ్లు ఎక్కడ నిలిచి ఉన్నాయో చూపించే ప్లాను ప్రతి గనికీ ఉండాలి. లోపల నీళ్లు లేవని తేలని పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి పోతే, ముందస్తు అనుమతి లేకుండా ఫేస్‌ను జరపకూడదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో నీళ్లు విరుచుకుపడి 375 మంది చనిపోయిన దేశం మనది, ఆ నిబంధన విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ప్లాను గీసే సర్వేయరు ఎవరి కోసం గీస్తున్నాడు? ముప్పై ఏళ్ల తర్వాత పక్క సీములో పని చేయబోయే మనిషి కోసం. ఇప్పుడు మన దగ్గర భూగర్భ గనులు మూతపడి వాటి మీదే ఓపెన్‌కాస్టులు వస్తున్నాయి. కింద ఖాళీ గ్యాలరీ ఎక్కడుందో, బరువైన డంపర్ ఎక్కడ నిలబడకూడదో చెప్పేది ఏనాడో రిటైరైన, కొందరైతే కాలం చేసిన మనుషులు గీసిన గీతలే. ఇప్పుడు మూసేస్తున్న గనుల ప్లాన్లు కూడా అంతే శ్రద్ధతో మూసేముందు సరిచూసి పెట్టించండి. వాటిని చదివే షిఫ్టు ఇంకా పుట్టలేదు.

కాబట్టి నేను అడిగేది ఇది. డిస్ట్రిక్ట్‌లో పనిచేసే మనిషి చేతిలో పట్టే ఒక చిన్న కార్డు చేయించండి. పోస్టుకార్డు ఒక వైపు పట్టేటంత మాత్రమే. దానిలో ఏముండాలో ఆ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే సర్దార్, షాట్‌ఫైరర్, సపోర్ట్‌మన్, కోల్‌కట్టర్ కూర్చుని తేల్చాలి. పిట్ సేఫ్టీ కమిటీలు, వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు చట్టం ప్రకారం ఎట్లాగూ ఉన్నారు, ఈ పని వాళ్ల చేతికివ్వండి. తెలుగులో ఉండాలి, హిందీ మాట్లాడే మనుషులున్న చోట హిందీలోనూ ఉండాలి. షిఫ్టు మొదట్లో ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు జవాబు చెప్పాలి. కొత్తగా వచ్చిన, ఇంకా పర్మినెంటు కాని బదిలీ వర్కర్ ఆ రోజు తన పేరు చెప్పుకోవాలి. పేరు తెలిసిన మనిషికి “జరుగు” అని అరవడం తేలిక.

కొత్త వరుస ఒకటి కలపాలంటే పాతది ఒకటి తీసేయాలన్న నియమం పెట్టండి. చట్టం రాయమన్న పుస్తకాలు ఎట్లాగూ ఉంటాయి, వాటిని ఎవరూ తగ్గించలేరు. మన సొంతంగా కలుపుకున్న ఫార్మాట్లను మాత్రం ఏడాదికోసారి పిట్ సేఫ్టీ కమిటీ ముందు పెట్టి, గడిచిన ఏడాదిలో ఎవరూ చదవనిది, దేనికీ పనికిరానిది ఏదో అడిగి తీసేయించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది జవాబు. సర్దార్ “బోల్టులు కావాలి” అని రాస్తే, అవి ఎప్పుడు వస్తాయో, ఎవరు పంపుతారో అదే పేజీలో పక్కన రాయాలి. రాకపోతే ఎందుకు రాలేదో రాయాలి. తర్వాతి షిఫ్టు మొదలయ్యేటప్పుడు ఆ జవాబు పైకి చదవాలి. వరసగా మూడు రోజులు ఒకే మాట రాసి, మూడు రోజులూ కదలిక లేకపోతే నాలుగో రోజు ఎవరైనా “అంతా బాగానే ఉంది” అని రాయడం మొదలుపెడతారు. అది మనిషి స్వభావం. దాన్ని తిట్టి లాభం లేదు, జవాబిచ్చి మార్చాలి.

బాయి బయట కూడా మా జీవితం జాబితాల మీదే నడుస్తుంది. బదిలీ వర్కర్ ఇంట్లో గోడ క్యాలెండరు చూడండి. తేదీల చుట్టూ సున్నాలు ఉంటాయి. పర్మినెంటు కావడానికి ఏడాదికి భూగర్భంలో 190 మస్టర్లు (హాజరు రోజులు), పైన 240 మస్టర్లు నిండాయా లేదా అన్న లెక్కను భార్య పెన్సిల్‌తో పెడుతుంది. నాగా పడ్డ రోజును కొట్టేస్తుంది. డిసెంబరు దగ్గర పడుతుంటే ఆ సున్నాలు లెక్కపెట్టని రోజు ఉండదు. జీతం పడే ముందు కిరాణం చిట్టీ కూడా ఆమే రాస్తుంది. ఉద్దెర పుస్తకంలో ఎంత పేరుకుందో ఆమెకే తెలుసు. మా కాలనీల్లో నిలబడ్డ ఇళ్లు చాలావరకు ఆడవాళ్ల చిట్టీల మీద నిలబడ్డాయని నా నమ్మకం. మగవాళ్లు ఎక్కువమంది రాయని జాబితా ఒకటే, అప్పుల జాబితా. ఎవరికి ఎంత, ఎంత వడ్డీకి అని ఒకచోట రాసుకోకపోవడం వల్ల ఏటీఎం కార్డును వడ్డీ వ్యాపారి చేతిలో పెట్టేదాకా వచ్చిన కుటుంబాలు మన కోల్‌బెల్టులో ఉన్నాయని పేపర్లలో ఎన్నోసార్లు చదివాం. వీటీసీలో (వృత్తి శిక్షణ కేంద్రంలో) రిఫ్రెషర్ ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఒక పూట దీనికి కేటాయించి, దంపతులిద్దరినీ కూర్చోబెట్టి ఆ కాగితం రాయిస్తే చాలా ఇళ్లకు మేలు జరుగుతుంది.

చివరగా, నేను అన్నిటికంటే ఎక్కువ బాధతో అడిగేది పేర్ల గురించి. మారుపేర్ల సమస్య మీకు కొత్త కాదు. ఏనాడో పనిలోకి వచ్చేటప్పుడు వేరే పేరుతో చేరిన మనుషులు, జీవితమంతా మస్టర్‌లో ఒక పేరుతో, వాకిట్లో ఇంకో పేరుతో బతికారు. ల్యాంప్ రూమ్‌లో వాళ్ల నంబరు సరిగ్గానే ఉంది, తవ్విన బొగ్గు సరిగ్గానే ఉంది. మనిషి పోయాక, లేదా ఒంట్లో బాగాలేక దిగిపోయాక, కొడుకు కారుణ్య నియామకం కోసం కాగితాలు పట్టుకొస్తే తండ్రి పేరు కలవదు. ఆ పేరు సరిచేయించుకోవడానికి ఏళ్లు పడుతుంది. మారుపేరు లేని ఇళ్లలో కూడా చిన్న తేడాలు ఎన్నో. ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, సర్వీసు పుస్తకంలో ఒకటి. పెళ్లికి ముందు తల్లి పేరు పెట్టిన నామినేషన్, పెళ్లయ్యాక మార్చలేదు. ప్రావిడెంట్ ఫండ్ నామినీ ఒకరు, గ్రాట్యుటీ నామినీ ఇంకొకరు. మనిషి బతికున్నంతకాలం ఇవి ఎవరికీ అడ్డు రావు. పోయిన మరునాటి నుంచి ప్రతి అక్షరమూ ఆ ఆడమనిషికి అడ్డం నిలబడుతుంది.

దీనికి కొత్త కార్యాలయం ఏమీ అక్కర్లేదు. ప్రతి కార్మికుడూ పీఎంఈకి, అంటే గడువు ప్రకారం జరిగే వైద్య పరీక్షకు, ఎట్లాగూ రావాల్సిందే. రక్తపోటు చూసే రోజే ఆయన చేతిలో ఒక కాగితం పెట్టండి. కంపెనీ దగ్గర ఆయన పేరు ఎట్లా ఉంది, తండ్రి పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు, పిల్లల పేర్లు, ఏ నిధికి ఎవరు నామినీ అన్నవన్నీ ఒక్క పేజీలో, తెలుగులో. ఆయన దాన్ని ఇంటికి తీసుకుపోవాలి, భార్యాపిల్లలతో కలిసి చదవాలి, తప్పున్న చోట దిద్ది తేవాలి. దిద్దింది ఎన్ని రోజుల్లో రికార్డులోకి ఎక్కుతుందో ఆ కాగితం కిందే రాసి ఇవ్వండి. ఇట్లాంటిది ఎక్కడైనా ఇప్పటికే జరుగుతుంటే అది అన్ని ఏరియాలకూ చేరాలి. మారుపేర్ల దరఖాస్తుల విషయంలో వచ్చిన తేదీల వరుసలో, పేర్లు బయటపడకుండా నంబర్లతో, ఏది ఏ మెట్టు మీద ఆగిందో ప్రతి జీఎం ఆఫీసు ముందు బోర్డు మీద పెట్టించండి. నంబరు తెలిసిన మనిషి తన వంతు ఎప్పుడో చూసుకుని ఇంటికి పోతాడు. మధ్యలో ఎవరి చేతులూ తడపాల్సిన అవసరం రాదు.

ఇదంతా ఒకేసారి అన్ని ఏరియాల్లో మొదలుపెట్టమని అడగడం లేదు. రామగుండం ఏరియాలో పనిచేస్తున్న ఒక భూగర్భ గనిలో, ఒక్క డిస్ట్రిక్ట్‌లో మూడు నెలలు నడిపించి చూడండి. కార్డు అక్కడి మనుషులే రాసుకోనివ్వండి. ప్రతి వరుసకూ పక్కన జవాబు పడుతుందో లేదో చూడండి. ఆ మూడు నెలల పుస్తకం కూర్చుని చదవడానికి, ఏ వరుస పనికొచ్చింది, ఏది పనికిరాలేదు అని షిఫ్టువాళ్లతో మాట్లాడటానికి మనుషులు కావాలంటే మా కాలనీల్లో రిటైరైన సర్దార్లు, ఓవర్‌మెన్లు చాలామంది ఉన్నాం. పైసా అడగకుండా వస్తాం. ఏ గని, ఏ షిఫ్టు అన్నది చెప్పండి.

ఇట్లు,
రిటైర్డ్ ఓవర్‌మెన్
గోదావరిఖని, పెద్దపల్లి జిల్లా